కోటేశు పేరుతో మాట్లాడిన కవి

హైదరాబాదులో బయల్దేరిన బస్సు కోదాడ దాటి మన రాష్ట్రంలోకి వచ్చాక గరికపాడు, చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల, పరిటాల ఒకదాని వెనక ఒకటి కిటికీలోంచి వెళ్లిపోతాయి. జగ్గయ్యపేట రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. బస్సులో కూర్చున్నవాళ్లకు ఇవన్నీ విజయవాడ ఇంకెంత దూరమో చెప్పే ఊళ్లు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం బతుకంతా ఈ రోడ్డు చుట్టూనే. మిరప చేలు, పత్తి చేలు, సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, పొద్దున్నే వచ్చే ఇంజనీరింగు కాలేజీ బస్సు, డిగ్రీ అయిపోయాక పెళ్లిళ్లలో పేరంటాల్లో ‘ఏం చేస్తున్నావురా’ అని అడిగే చుట్టాలు. మెట్ట కృష్ణా కుర్రకారుకు ఇదీ లోకం.

ఈ కుర్రకారు తరఫున కవిత్వంలో మాట్లాడిన వాళ్లెవరు? పెద్ద నగరాల గురించైతే జవాబు తొందరగానే దొరుకుతుంది. హైదరాబాదు పేరు చెప్పగానే దిగంబర కవులు గుర్తొస్తారు, విజయవాడ పేరు చెప్పగానే త్రిపురనేని శ్రీనివాస్ గుర్తొస్తాడు. నందిగామ, జగ్గయ్యపేటల పేరు చెబితే వెంటనే ఎవరూ తట్టరు. కానీ ఉన్నాడు. నందిగామకు పక్కనే, కంచికచర్లలో పుట్టాడు. అతని పేరు కలేకూరి ప్రసాద్. ఇవాళ్టి నా ప్రసంగం చాలావరకు ఆయన గురించే.

1964 అక్టోబరు 25న పుట్టాడు. 2013 మే 17న ఒంగోలులో కన్నుమూశాడు. నలభై ఎనిమిదేళ్ల జీవితం. కవి, పాటల రచయిత, విమర్శకుడు, అనువాదకుడు. ‘యువక’ అన్న కలం పేరుతో రాశాడు. ముందు విప్లవ సాహిత్యోద్యమంలో నడిచాడు, ఆ తర్వాత దళిత ఉద్యమంలోకి వచ్చాడు. ఈ వివరాలు ఏ పరిచయ వ్యాసంలోనైనా దొరుకుతాయి. ఆయన రాసిన కవితను అర్థం చేసుకోవాలంటే మాత్రం ఆయన పసితనంలో సొంత ఊళ్లో జరిగిన ఒక ఘటన దగ్గరికి వెళ్లాలి.

1968 ఫిబ్రవరి 24. కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం నేరం మోపారు. కట్టేసి, కిరోసిన్ పోసి, సజీవంగా తగలబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. రాజ్యాంగంలో అంటరానితనాన్ని రద్దు చేసి పద్దెనిమిదేళ్లు దాటింది. అలాంటి రోజుల్లో, హైదరాబాదు–విజయవాడ రహదారి పక్కనున్న ఊళ్లో, విచారణ లేదు, సాక్ష్యం లేదు, ఒక మనిషిని మంటల్లో వేశారు. రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. కంచికచర్ల కోటేశు అన్న రెండు మాటలూ ఆనాటి నుంచీ కలిసిపోయాయి. ఊరి పేరు లేకుండా ఆ మనిషి పేరు ఎవరూ పలకరు.

అప్పటికి కలేకూరి ప్రసాద్ నాలుగేళ్లు నిండని పసివాడు. ఆ వయసులో అతనికి ఏం తెలుస్తుంది అనొచ్చు. కానీ అలాంటి ఊళ్లో పెరిగే దళిత పిల్లవాడికి ఆ పేరు తెలియకుండా ఎలా ఉంటుంది? పెద్దవాళ్లు ఆ మాట ఎత్తినప్పుడు గొంతు తగ్గించడం, ఫలానా వీధిలోకి వెళ్లొద్దని పిల్లల్ని హెచ్చరించడం, పొలం గట్టు మీద ఎవరైనా ఎదురైతే పక్కకు తప్పుకోవడం, ఇవన్నీ చూస్తూ పెరిగే పిల్లలకు చరిత్ర పుస్తకం అక్కర్లేదు. ఇలాంటి ఊళ్లలో ఒక మనిషి చావు ఆ తర్వాతి తరం పిల్లల నడకలో కూడా కనిపిస్తుంది.

ఆ పిల్లవాడు పెద్దయ్యాక ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ అనే కవిత రాశాడు. తెలుగు దళిత కవిత్వంలో అంతగా జనం నోళ్లలో తిరిగిన కవితలు తక్కువ. సభల్లో చదివారు, ఇతర భాషల్లోకి వెళ్లింది. ఆ కవిత ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం.

అందులో మాట్లాడే మనిషి తనను తాను పరిచయం చేసుకుంటాడు. దరఖాస్తు ఫారంలో గళ్లు నింపినట్టు, పుట్టుక, పేరు, పుట్టిన ఊరు చెబుతాడు. తను ఎప్పుడు పుట్టాడో ఆ మనిషికి తెలియదు, ఎప్పుడు చచ్చాడో మాత్రం తెలుసు. పేరు దగ్గరకొచ్చేసరికి తన పేరు చెప్పడు, కంచికచర్ల కోటేశు పేరు చెబుతాడు. పుట్టిన ఊరు ఒక్కటి కాదు. 1968 డిసెంబరులో కూలీ పెంచమన్న పాపానికి 44 మంది దళితులను గుడిసెలో పెట్టి తగలబెట్టిన తమిళనాడులోని కీళవెణ్మణి, 1985 జులై 17న ఆరుగురు దళితులు బలైన కారంచేడు, 1987 నాటి నీరుకొండ, ఇవన్నీ తను పుట్టిన ఊళ్లేనంటాడు. చివరికి 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపిన చుండూరు దగ్గరకు వస్తాడు. ఒక్కో ఊరి పేరూ ఒక్కో పుట్టుక అవుతుంది. ఆ పేర్లు వింటున్న శ్రోతకు అక్కడ లెక్కలు, తేదీలు అక్కర్లేదు. పేరు పలకగానే అన్నీ కళ్ల ముందుకు వస్తాయి.

కవిత్వంలో ‘నేను’ అన్న మాటను చాలామంది వాడారు. భావకవుల ‘నేను’ ఒకటి, శ్రీశ్రీ ‘నేను’ మరొకటి. కలేకూరి ‘నేను’లోకి వచ్చేసరికి కవి తన సొంత పేరు పక్కన పెట్టి, తన ఊళ్లో చచ్చిపోయిన కుర్రవాడి పేరు తగిలించుకున్నాడు. నా ఉద్దేశంలో ఒక ఊరి యువత తరఫున మాట్లాడటం అంటే ఇదే. ఊరు తల్చుకోవడానికి ఇష్టపడని పేరును తన పేరుగా చెప్పుకోవడానికి ధైర్యం కావాలి. ఊరి తిరునాళ్ల మీద, ఊరి చెరువు మీద పద్యాలు రాస్తే ఊరు శాలువా కప్పుతుంది. కోటేశు పేరు రాస్తే శాలువాలు రావు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. కలేకూరికి దీనికి సంబంధం లేదు కానీ, ఈ నేలకు ఉంది.

జగ్గయ్యపేట దగ్గర ధనం బోడు అనే దిబ్బ ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించి బౌద్ధ స్తూపాన్ని బయటపెట్టాడు. ఆ స్తూపం తూర్పు వాకిట్లో ఐదు ఆయక స్తంభాలు ఉండేవి. వాటి మీద ప్రాకృతంలో శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో 20వ ఏడు, అంటే సుమారు 1,700 ఏళ్ల కిందటి మాట. ఆ స్తంభాలు నిలబెట్టినవాడు రాజు కాదు, మంత్రి కాదు. సిద్ధార్థుడు అనే పనివాడు, చేతివృత్తి మనిషి. తన పేరు చెక్కించాడు, తన తండ్రి నాగచంద్రుడి పేరు చెక్కించాడు, తన ఊరి పేరు చెక్కించాడు, తల్లి, భార్య, పిల్లలు, చుట్టాలు అందరినీ ఆ రాతి మీదికి ఎక్కించాడు. సకల ప్రాణుల హితం కోసం, సుఖం కోసం ఇది చేస్తున్నానని చెప్పుకున్నాడు.

జగ్గయ్యపేట పేరేమో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద పెట్టింది. జమీందారు తండ్రి పేరు ఊరి పేరైంది. దానికి ఎన్నో వందల ఏళ్ల ముందు అదే చోట ఒక పనివాడు తన తండ్రి పేరును రాతి మీద నిలబెట్టుకున్నాడు. మెట్ట కృష్ణాలో చేతిపని చేసే మనిషి పేరుకు అంత గౌరవం ఉన్న కాలం ఒకటి ఉండేదని ఆ స్తంభాలు చెబుతున్నాయి. ఆ నేల మీదే 1968 నాటికి ఒక మనిషి పేరు హత్య వార్తల్లో, కోర్టు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా రాయడానికి చోటు లేకుండా పోయింది. దానికి చోటు చూపించింది ఒక కవిత.

సరే, మళ్లీ మన కాలానికి వద్దాం.

కోటేశును చంపిన ఏడాదే దిగంబర కవుల మూడో సంపుటి వచ్చింది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న, ఈ ఆరుగురూ అప్పటికి కుర్రవాళ్లే. 1965 మేలో హైదరాబాదులో అర్ధరాత్రి మొదటి సంపుటిని పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1966 డిసెంబరులో విజయవాడలో రెండో సంపుటిని హోటల్లో పనిచేసే జంగాల చిట్టి ఆవిష్కరించాడు. 1968 సెప్టెంబరులో విశాఖపట్నంలో మూడో సంపుటిని ఒక బిచ్చగత్తె చేతుల మీదుగా విడుదల చేశారు. పుస్తకావిష్కరణ అంటే మంత్రిగారో వైస్ ఛాన్సలర్‌గారో రావాలన్న ఆనవాయితీని ముక్కలు చేశారు. అది చిన్న పని కాదు. అప్పటి నగర యువకుల ఉక్కిరిబిక్కిరి, ఉద్యోగాల్లేని కోపం, పెద్దవాళ్ల మీద నమ్మకం పోవడం, అన్నీ ఆ మూడు సంపుటాల్లో ఉన్నాయి. తర్వాత వాళ్లలో నలుగురు 1970 జులై 4న పుట్టిన విప్లవ రచయితల సంఘం (విరసం)లోకి వెళ్లారు. చెరబండరాజు, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్ 1971లో జైలుకు కూడా వెళ్లారు.

అయితే ఒక తేడా ఉంది, దాన్ని చెప్పకుండా దాటేయలేను. రిక్షా పాండు, హోటల్ చిట్టి, ఆ బిచ్చగత్తె పుస్తకాన్ని విడుదల చేశారు, లోపల రాసింది మాత్రం వాళ్లు కాదు. పాండు కొడుకు, చిట్టి తమ్ముడు, ఆ బిచ్చగత్తె కూతురు తామే కలం పట్టడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. ఆ పాతికేళ్లలో ఊరి చివర గూడేల్లో పిల్లలు బడికి వెళ్లారు, హాస్టళ్లలో ఉండి చదువుకున్నారు, అంబేడ్కర్‌ను చదివారు. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్ లాంటి కుర్ర కవులు దళిత్ పాంథర్స్ పెట్టారు. ఆ నగరంలో కామాటిపురా ఇరుకు వీధుల బతుకును ఢసాల్ మరాఠీ కవిత్వంలోకి తెచ్చిన తీరు దేశమంతా విన్నది. మన దగ్గర కారంచేడు తర్వాత 1985లో కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వంలో దళిత మహాసభ వచ్చింది. చుండూరు తర్వాత కవిత్వం ఒక్కసారిగా పోటెత్తింది. శిఖామణి, సతీష్ చందర్, ఎండ్లూరి సుధాకర్, మద్దూరి నగేష్‌బాబు, పైడి తెరేష్‌బాబు, ఇలా ఎందరో. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ కలిసి ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం తెచ్చారు. విజయవాడ నుంచి ‘కవిత్వం ప్రచురణలు’ దాన్ని వేసింది. అది చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఆ కవుల్లో చాలామందికి తమ ఊరు ఉంది, ఆ ఊరికి పేరు ఉంది, ఆ ఊళ్లో తమ వాడ ఎక్కడుందో ఖచ్చితంగా తెలుసు. ఆ తరం మధ్యలో నిలబడి కలేకూరి మన కంచికచర్ల పేరు పలికాడు.

కలేకూరి కవితలు రాసి ఊరుకోలేదు. పాటలు కట్టాడు. చదువు రానివాళ్లకు కూడా చేరాలంటే పాటే దారి అని ఉద్యమాల్లో తిరిగినవాళ్లకు తెలుసు. వరకట్నం మంటల్లో కాలిపోయిన ఆడపిల్ల మీద ఆయన రాసిన పాట ‘శ్రీరాములయ్య’ సినిమాలోకి వెళ్లి ఇంటింటికీ చేరింది. ఆ పాట విని కంట తడి పెట్టిన వాళ్లలో ఎంతమందికి రాసినవాడిది కంచికచర్ల అని తెలుసు? కోటేశు మంటనూ ఆ అమ్మాయి మంటనూ ఒకే మనిషి పట్టించుకున్నాడు. ఇది యాదృచ్ఛికం అనుకోను. ఒక మంట మీద కోపం వచ్చినవాడికి రెండో మంట కూడా కనబడుతుంది.

ఆయన జీవితం సుఖంగా గడవలేదు. ఉద్యమాల్లో తిరిగినవాడు, స్థిరమైన ఉద్యోగం లేనివాడు, అనువాదాల మీద బతికినవాడు. ఆయనను ఎరిగిన మిత్రులు ఆయన ప్రతిభ గురించి, ఆయన ఒంటరితనం గురించి ఒకే వాక్యంలో మాట్లాడతారు. ఆ సంగతులు తవ్వుకోవడం నాకు ఇష్టం లేదు. ఒక కవి రాసింది మన చేతికి వచ్చాక, ఆ రాతను మనం ఏం చేశాం అన్నదే మనం జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

ఇప్పుడు నందిగామ, జగ్గయ్యపేటల్లో చదువుకుంటున్న తమ్ముళ్లతో, చెల్లెళ్లతో కొంచెం సూటిగా మాట్లాడతాను.

మీలో చాలామంది రాస్తున్నారు. ఫోనులో నోట్సులో రాసుకుంటున్నారు, స్టేటస్‌లో పెడుతున్నారు, కాలేజీ ఫంక్షన్లో చదువుతున్నారు. అలా వచ్చే రాతల్లో ఎక్కువ భాగం ప్రేమ, ఎడబాటు, అమ్మ, స్నేహం. తప్పు లేదు, ఆ వయసులో అవే వస్తాయి. కానీ చదువుతుంటే ఆ కవిత నందిగామలో రాసిందో, నెల్లూరులో రాసిందో, నిజామాబాదులో రాసిందో తెలియదు. అదే నాకు బాధ. నెలవంకలు, వెన్నెలలు అన్ని ఊళ్లకూ ఒకటే. మున్నేరు మాత్రం మీ చేల పక్కన పారే ఏరు.

2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చింది. హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. టీవీల్లో ఆ రోజంతా చూపించింది ఆగిపోయిన కార్ల బారు, బస్సుల బారు. రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పొలాల్లో ఏం జరిగిందో, కౌలుకు చేసిన రైతు ఇంట్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో కెమెరాలు చూడలేదు. ఆ ఇంట్లో ఇంటర్ చదివే కొడుకో, డిగ్రీ చదివే కూతురో ఉండి ఉంటారు. ఆ సంగతి రాయగలిగేది ఆ పిల్లలు మాత్రమే. నగరంలో కూర్చున్న ఏ కవీ రాయలేడు, రాసినా నేను నమ్మను.

రాయడానికి మీ చుట్టూ ఎంతో ఉంది. సిమెంటు దుమ్ము పడిన ఆకులు ఉన్నాయి. క్వారీలో పేలుడు మోగే వేళకు ఇంట్లో గిన్నెలు కదిలే చప్పుడు ఉంది. మిరప కోతకు ఇతర జిల్లాల నుంచి వచ్చి చేల గట్ల మీద బస చేసే కూలీలు ఉన్నారు, వాళ్ల పిల్లలు ఆ కోతల రోజుల్లో బడి మానేస్తారు. నాలుగేళ్ల ఇంజనీరింగు చదివి, బెంగళూరులో పని దొరక్క, తిరిగొచ్చి తండ్రితో కలిసి మందు పిచికారీ చేస్తున్న అన్నయ్య ఉన్నాడు. అతను పొలానికి వెళ్లేటప్పుడు రోడ్డు మీద నుంచి కాకుండా వెనక దారిన ఎందుకు వెళ్తాడో మీకు తెలుసు. కులం అడ్డొచ్చి విడిపోయిన జంటలు ఉన్నాయి. మీ కవితలో ప్రేమ ఉండాలంటే ఉండనివ్వండి, ఆ ప్రేమకు ఏ వీధి అడ్డొచ్చిందో కూడా రాయండి. ఆడపిల్లలకు ఇంకో మాట. కాలేజీ బస్సు దిగి ఇంటికి నడిచే ఆ అర కిలోమీటరు గురించి మీరు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

పేర్లు రాయడానికి భయం వేస్తుంది. ఊళ్లో మళ్లీ తల ఎత్తుకు తిరగాలి కదా, ఇంట్లోవాళ్లు తిడతారు కదా. ఆ భయం నాకు అర్థమవుతుంది. దిగంబర కవులకు జైలు వచ్చింది, దళిత కవులకు పత్రికల్లో తిట్లు వచ్చాయి. ఒక్కళ్లే రాస్తే భయం. అందుకే నలుగురు కలిసి రాయాలి. దిగంబర కవులు ఆరుగురు. ‘చిక్కనవుతున్న పాట’లో ఎందరో. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట, పెనుగంచిప్రోలు, వత్సవాయి, చందర్లపాడు, వీరులపాడు, ఇన్ని మండలాల్లో రాసే పిల్లలు పదిమంది ఉండరా? నెలకొక ఆదివారం కూర్చుని ఒకరిది ఒకరు చదువుకుంటే చాలు. శాలువాలు వద్దు, మైకులు వద్దు, అధ్యక్షోపన్యాసాలు అసలే వద్దు. రాసింది చదవడం, విన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పడం. పొగడ్త కన్నా ‘ఇక్కడ అబద్ధం ఉందిరా’ అని చెప్పే స్నేహితుడు కవికి ఎక్కువ మేలు చేస్తాడు.

పెద్దవాళ్లకు, అధ్యాపకులకు ఒక విన్నపం. పిల్లవాడు ఊరి మీద కోపంగా ఏదైనా రాసి తెస్తే, ఊరి పరువు తీస్తున్నావని గదమాయించకండి. ముందు కూర్చోబెట్టి చదివించండి. శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాల పక్కన ఒక్క అరలో మన మెట్ట ప్రాంతపు కవుల పుస్తకాలకు చోటు ఇవ్వండి. కలేకూరి ప్రసాద్ కవితలు, పాటలు అక్కడ లేకపోతే తెప్పించండి. ఊళ్లో చదివే పిల్లవాడికి, తన ఊరి నుంచి ఇలాంటి కవి ఒకడు వచ్చాడని తెలియడం ఎంత ధైర్యాన్నిస్తుందో మాటల్లో చెప్పలేను.

ఆకాశవాణిలో యువవాణి కార్యక్రమం మీలాంటివాళ్ల కోసమే పెట్టారు. మైకు ముందు నిలబడి వణికే గొంతుతో మొదటి కవిత చదివిన కుర్రవాళ్లు తర్వాత పేరున్న కవులయ్యారు. మీ కవితలు పంపండి. పంపేటప్పుడు కింద మీ పేరు, మీ ఊరి పేరు, మీ మండలం పేరు పూర్తిగా రాయండి.

ఏటా అక్టోబరు 25 కలేకూరి పుట్టినరోజు. ఈసారి ఆ రోజున కంచికచర్లలోనో, నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో ఏదో ఒక చెట్టు కిందో, కాలేజీ గదిలోనో నలుగురు కూర్చుని ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ మొదటి నుంచి చివరి వరకు పైకి చదవండి. చదివాక మీరు రాసుకొచ్చినవి చదవండి.